జీడిగుర్తు

ఆర్కైవ్స్ గదిలో పెన్ను నిషేధం.
పెన్సిలొక్కటే. తడి గొడుగు బయట.
స్పాంజి దిండు మీద చంటిపిల్లలా పడుకోబెట్టి ఇస్తారు
లార్చ్‌ఫీల్డ్ వీధి మునిసిపల్ వాష్‌హౌస్ రిజిస్టరు,
పంతొమ్మిది వందల ముప్ఫై నాలుగు.
నోట్సులో దానికి తెలుగు మాట రాయబోయి
ఆగిపోయాను.

తొట్టి నంబరు, వచ్చిన వేళ, పోయిన వేళ, కట్టిన పెన్నీలు.
పేరుండాల్సిన గడిలో చాలాచోట్ల
ఫలానా వారి భార్య.
పన్నెండో తొట్టి, శుక్రవారం రాత్రి:
"నీళ్ళు చల్లారాయని గొడవ పెట్టింది."
పేరు లేదు. గొడవ మిగిలింది.
తొంభై ఏళ్ళ తర్వాత దాన్ని ఫుట్‌నోట్‌లో కూర్చోబెట్టాను.

మా సెమినార్‌లో ఒకామెది బ్ర్నో ట్రాములు,
ఒకతనిది రాటర్‌డామ్‌లో బాంబులకి పోయిన సినిమాహాళ్ళు.
నాది సబ్బునురగ అని నవ్వుతారు, ప్రేమగానే.
నా మొదటి అధ్యాయాన్ని ప్రొఫెసర్ ఉతికి ఆరేశారు.
ఆ మాట ఇంగ్లీషులో చెప్పలేక
గ్లాస్గో వానలో ఒక్కదాన్నే నవ్వుకుంటూ నడిచాను.
మార్జిన్‌లో ఒక వాక్యం మాత్రం నవ్వలేదు:
"ఆధారాలున్నాయి. ఇందులో నువ్వెక్కడ?"

ఆదివారం మిసెస్ ఆర్బకిల్ ఇంటికి
రికార్డరు పట్టుకెళ్ళాను. ఆమెకి తొంభై మూడు.
"చంటిబండిలో కింద దుప్పట్లు, పైన మా తమ్ముడు.
తిరిగొచ్చేప్పుడు తడిబరువు కదా,
వాణ్ణి నడిపించేవాళ్ళం."
ఆవిరిలో మనిషి కనపడేది కాదట, గొంతే.
ఎవరి దుప్పటి మీద ఏ మరకో అందరికీ తెలుసట.
"ఎవరం బయట చెప్పేవాళ్ళం కాదు.
లోపలే చెప్పేసుకునేవాళ్ళం" అని కన్ను గీటింది.
తర్వాత పడగొట్టి రోడ్డేశారు.
ఇళ్ళల్లోకి మెషీన్లొచ్చాయి.
మెషీనుతో ఎవరు మాట్లాడతారు?

టీ పోస్తూ ఆమే అడిగింది:
"మీ ఇంట్లో బట్టలెవరు ఉతికేవాళ్ళు తల్లీ?"

రికార్డరు ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.
నేను రాసిన ప్రశ్నావళిలో
ఈ ప్రశ్న లేదు.
"మేమే," అన్నాను. "ఊరందరివీ."

"ఓ, వ్యాపారమన్నమాట! బాగా గడిచేదా?"

ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను.
చౌడు, బాన, ఉబ్బ, బండ,
పొద్దుగూకాక గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి
పెట్టించుకునే అన్నం.
పక్కబట్టల రహస్యాలన్నీ తెలిసిన చెయ్యే
అరుగంచు తాకితే అంటు.
మైల అన్నదానికి ఆమె భాషలో
మురికి తప్ప వేరే అర్థం దొరకదు.

మా నాయనమ్మకి అక్షరం రాదు.
జీడిగింజ గుచ్చి, అంచు లోపల గుర్తు పెట్టేది.
రెండు చుక్కలు కరణం గారివి,
చుక్కా గీతా షావుకారువి,
కాకికాలు డాక్టరు గారి కొత్త కోడలిది.
నూట నలభై ఇళ్ళు. ఒక్క గుడ్డ తారుమారైతే
"చెయ్యి నరుక్కుంటానే" అనేది.
నరుక్కోవలసిన అవసరం రాలేదు.
ఏ భాండాగారమూ ఆ కేటలాగు అడగలేదు.

"బాగానే గడిచేదండీ," అన్నాను.

ట్రాన్స్‌క్రిప్టులో అది నలభై ఒకటో నిమిషం.
చెరపడానికి నియమాలు ఒప్పుకోవు.
చెరపాలనీ లేదు. కింద చిన్నక్షరాల్లో కలిపాను:
ఇక్కడ ప్రశ్నలడిగే మనిషి అబద్ధమాడింది.
ప్రొఫెసర్ ఏమంటారో.

మళ్ళీ ఆర్కైవ్స్. పన్నెండో తొట్టి.
నా నోట్సు అంచున, ఆగిపోయిన మాట రాశాను:
చాకిరేవు.
పక్కన కాకికాలు గీశాను.
రిజిస్టరు మీద గీస్తున్నాననుకుని
డ్యూటీలో ఉన్నతను సగం లేచాడు, చూశాడు, కూర్చున్నాడు.

పెన్సిలు కదా, భయం లేదు, పోతుంది.
జీడిరసమైతే
బట్ట చిరిగినా పోదు.

ఐదు నిమిషాల్లో మూసేస్తామంటున్నారు.
శుక్రవారం పేజీ ఇంకా సగం ఉంది.