వేలిగీతలు మొలిచేదాకా

కాశీబుగ్గలో కరెంటు పోయి వచ్చింది.
సరుకు పుస్తకం తిరగేసి
వెనకట్ట లోపలివైపు రాస్తున్నాను:
టాంజానియా. ఇద్దరం. తొమ్మిది రోజులు.

"ముందు ఎప్పుడెల్దుమో అది రాయి" అంటుంది గున్నమ్మ
చేటలో రాళ్లు ఏరుతూ.

ఆగస్టులో వైల్డ్‌బీస్టులు నది దాటుతాయట.
"అయ్యేటి?"
ఆవు మొహం, గుర్రం తోక, మేక గడ్డం.
"మన ముఠా మేస్త్రీనాగ."
వేలకి వేలు దాటుతాయి,
అప్పుడు జీపు అద్దే ఆకాశంలో ఉంటుంది.
ఏప్రిల్లో సగం ధర, వాన, బురద.
ఏప్రిలంటే మనకి తోటల్లో పిక్క రాలే కాలం,
షావుకారు సెలవివ్వడు.
ఆగస్టు అని రాసి కింద గీత గీశాను.
జూన్లో చీటీ పాడితే రెండు లక్షల ఎనభై.
తక్కువ పడేదెంతో రాయలేదు,
ఆమె చెవుల వైపు చూసి చూపు తిప్పుకున్నాను.

ఇదంతా ఒక గోనెసంచి వల్ల.
పిక్కలు అక్కడ ఓడెక్కి, విశాఖలో దిగి,
లారీ మీద మా తూకంరాయి దగ్గరికొస్తాయి.
పదకొండేళ్ల కిందట ఒక సంచి మీద
నీలిసిరాతో గుద్దిన జిరాఫీ.
గున్నమ్మ దాని కుట్లు విప్పి, ఉతికి,
పెరటి గుమ్మానికి తెర కట్టింది.
గాలేస్తే అది మెడ వంచేది.
"నిజంగా అంత పొడుగుంటాదా?
ఏటి తింటాది? వొంగి నీలెలా తాగతాది?"
నాకేం తెలుసు, గుమస్తాని.

సఫారీ కంపెనీ పంపిన నియమాలు చదివి వినిపించాను.
జీపు దిగరాదు. కేకలు వేయరాదు.
నీలం, నలుపు కట్టరాదు, ఈగలు కుడతాయి.
జంతువు ఎదురైతే పరుగెత్తరాదు.

చేట పక్కన పెట్టి నవ్వింది.
"జీపున్నోడికి ఇన్ని నియమాలా?
మందసలో మాయమ్మ తెల్లారగట్ల తోటకెల్తే
చేతిలో డాల్డా డబ్బా, ఓ కర్ర.
వాయించుకుంటా పోవాల,
మనమొస్తన్నామని ఎలుగుకి తెలియాల.
తెలీక ఎదురుపడిపోతేనే ముప్పు."

తర్వాత కాసేపు మాట లేదు.
వాళ్ల చిన్నాన్న జోగులు
ఎడమ చెంప లేకుండా నలభై ఏళ్లు బతికాడు,
పెళ్లి ఫొటోల్లో కుడిపక్కే చూపించేవాడు.
"దాని మీద కోపం నేదనీవోడు.
పనసపండు కోసం అదొచ్చింది,
పిక్కల కోసం నానెల్నాను, అంతే కదే అనీవోడు."

ప్రయాణం శ్రీకాకుళంలో ఆగింది,
పాస్‌పోర్టు కౌంటరు దగ్గర.
అద్దం మీద వేళ్లు పెట్టమన్నారు.
పెట్టింది. మళ్లీ పెట్టింది.
కొంగుకి తుడిచి పెట్టింది.
మిషను మూడుసార్లూ ఎర్రగా మెరిసింది.
"గీతల్లేవమ్మా" అన్నాడు కుర్రాడు, మర్యాదగానే.

ఇరవై రెండేళ్లు జీడిసొన తాగిన వేళ్లు.
నేను తూకం రాసిన బస్తాల్లో
ఎన్ని ఆ వేళ్ల మీంచి వెళ్లాయో.
గుండుకింత, బద్దకింత, ముక్కకింత,
అన్నీ నా లెక్కలో ఉన్నాయి.
ఈ తరుగు ఏ పద్దులోనూ లేదు.

"రెండు నెలలు పిక్క ముట్టకండి, మొలుస్తాయి."

అట్ట మీద కొత్త వరుస రాశాను:
వేలిగీతలు, అరవై రోజులు. కూలి నష్టం...
ఆమె పెన్ను లాక్కుని అంకె వేసింది,
బోనసుతో సహా.

ఇవాళ్టికి ముప్పై నాలుగు.
అన్నాలయ్యాక స్టాంపు ప్యాడ్ తెరిచి
బొటనవేలు అద్ది పుస్తకం అంచున నొక్కుతుంది రోజూ.
ముప్పై మూడు నీలి మచ్చలు,
అన్నీ చెరువులో పడ్డ మబ్బుల్లా ఖాళీ.
ఈ రాత్రి మచ్చలో, ఓ పక్కగా,
రెండు సన్నటి వంపులు.

ఇద్దరం లైటు కింద వొంగాం
ఊపిరి చప్పుడు కూడా రాకుండా.
"కదపకు" అంది గున్నమ్మ
పుస్తకం పట్టుకున్న నాతో.