అరవై వేలకు మార్చాలె

గూడెప్పాడు దాటినంక
పెద్ద సప్పుడేం కాలే.
మాట్లాడే మనిషి నడిమిట్ల మరిచిపోయినట్టు
ఇండికా ఆగింది.
తాళం తిప్పితే ఇంజను ఉత్తగనే,
గింజల్లేని చేటను చెరిగినట్టు తిరిగింది.

ఎనుమాములకు పత్తి తోలుకపోయే ట్రాక్టరు
తాడు కట్టి గుంజింది.
దారి పొడుగునా అద్దం మీద పింజెలు.
వైపర్లు మాత్రం పనిచేసినయ్.

ములుగు రోడ్డు షెడ్డుల అంకూస్
ముందు చాయ తాగిండు.
తర్వాత పక్క మూత ఇప్పి
రెండు వేళ్లతోని బయటికి తీసిండు
చచ్చిన జెర్రిపోతు లెక్క, బెల్టు.
జానెడు మేర పండ్లే లేవు.
"పైదానికీ కిందిదానికీ మాట మోసేది ఇదే.
ఇది తెగిందా,
వాల్వు దిగే యాళ్లకే పిస్టను ఎక్కుతది.
ఒక్క గల్లీల ఎదురెదురు లారీలు."

హెడ్డు దింపిండు.
వాల్వులను అద్దం ముక్క మీద
ఒక్కొక్కటే దొర్లిచ్చిండు.
ఐదు సక్కగ పోయినయ్.
మూడు కుంటినయ్.

"అరవై వేలకు మార్చాలె గదనే.
మీటరేమో యాభై ఎనిమిదంటుంది,
బెల్టును జూస్తే లక్ష దాటినట్టుంది."
నేను కింద పడ్డ పానను సూసుకుంట కూసున్న.

ఈ బండి అప్పట్ల పరకాల సేటుది.
నేను డ్రైవర్ను.
రాత్రిపూట దొంగ కిరాయిలు కొట్టేటందుకు
డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి
మీటరు వైరు పీకేటోణ్ణి.
మేడారం, కాళేశ్వరం, ఏడెనిమిది పెండ్లిళ్లు,
ఎంజీఎం నుంచి రెండు పీనుగులు.
ఏదీ ఎక్కలే.
ఆఖరికి సేటు అమ్ముతనన్ననాడు
"తక్కువ తిరిగిన బండిరా" అని
పదివేలు ఎక్కువ చెప్పిండు.
నోరు తెరిస్తే దొంగనైత.
ఇచ్చి కొన్న.

అంకూస్ బిడ్డ బడిసంచిల వైట్నరు తెచ్చి
చక్రాల మీద సుక్కలు పెట్టిండు.
ఒక్క పన్ను తప్పినా మళ్ల మొదటికే.
కొత్త బెల్టు ఎక్కిచ్చి
పాన పట్టి, చేత్తోనే,
నిద్రపోయే పిల్లను ఒత్తిగిలిచ్చినట్టు
ఒక చుట్టు తిప్పిండు.
ఇంకో చుట్టు.
సుక్కలు వచ్చి సుక్కల కాడ నిలబడ్డయ్.

మూత బిగించే ముందట అడిగిండు:
"ఎన్ని కిలోమీటర్లని రాయాలె?"

చెప్పిన.
మేడారం కాడ మొదలువెట్టి
రాత్రి రాత్రీ కూడుకుంట చెప్పిన.
ఆయన తలెత్తలే, ఒక్క మాటనలే,
రాసుకుంటనే ఉన్నడు.
పీనుగుల కాడికి రాంగనే
వైట్నరు మూత పెట్టి
మెల్లగ అడిగిండు:
"ఎవలయి?"