ముప్పై ఏడు టిక్కులు

జూలై ఒకటి నుంచి ఈ మందుకు బీమా వర్తించదు.
ఆ వాక్యం టైపు చేసింది నేనే.
వెస్ట్ వర్జీనియా కొండల్లో ఒక కౌంటీ ఖజానా, రెండో అంతస్తు.
కిటికీలోంచి చూస్తే మూతపడ్డ గని కన్వేయరు
సగం కట్టిన వంతెనలా గాల్లో ఆగిపోయి ఉంటుంది.

"విచారిస్తున్నాం" అన్న మాట
మొదట్లో పెట్టాలా చివర్లోనా అని
పది నిమిషాలు తటపటాయించాను.
చివర్లో పెట్టాను.

లెక్క నిజమే. ఎవరూ ఏదీ దాచలేదు.
రెండు వందల పదకొండు మందిమి జీతగాళ్లం,
వారానికో సూది పొడుచుకునేది నలభై మంది.
త్రాసులో ఆ నలభై సూదులు ఒకవైపు,
మిగతా ఊరి మందులన్నీ ఒకవైపు:
ముల్లు కదల్లేదు.
మంచు తోసే ట్రక్కు ఈ ఏడూ కొనలేదు.
లైబ్రరీకి శనివారం తాళం పడింది.
"ఈ బరువు మనం మొయ్యలేం" అన్నాడు
కమిషనర్ హోబర్ట్ సైజ్‌మోర్, కళ్లజోడు తీసి.
నవ్వించడానికి అనలేదు. ఎవరూ నవ్వలేదు.
నలభై ఉత్తరాల మీద సంతకానికి నా పెన్నే అడిగాడు.
ఒక్కసారి నొక్కితే చాలు దాన్ని.

నిన్న వర్లీన్ రాట్లిఫ్ వచ్చింది, స్కూలు బస్సు నడిపే మనిషి.
ఉత్తరాన్ని కౌంటరు మీద పరిచి
ఇస్త్రీ చేస్తున్నట్టు అరచేత్తో మడతలు సాపు చేసింది.
"షుగరు ఉన్నవాళ్లకి ఆపరట కదా?"
"ఆపరు."
"నాది అంచులో ఉంది."
"అంచు లెక్కలోకి రాదు, వర్లీన్."
"అయితే ఇంకాస్త జబ్బు చేసి రమ్మంటావు."

దానికి నా దగ్గర ఫారం లేదు.

ఆమె ఫ్రిజ్‌లో, వెన్న పెట్టే అరలో, ఆఖరి సూది పెన్ను ఉందట.
నిండు మోతాదుకి డెబ్భై నాలుగు టిక్కులు.
ముప్పై ఏడు దగ్గర ఆపేస్తోంది.
టీవీ కట్టేసి, చెవి దగ్గర పెట్టుకుని,
ఇనప్పెట్టె తెరిచే దొంగలా
వేలితో తిప్పుతూ లెక్కపెడుతుంది.
వచ్చే నెల ఇరవై. ఆ పై నెల గురించి చెప్పలేదు.
నేనూ అడగలేదు.

వెళ్తూ వెళ్తూ అంది:
సీటు బెల్టుకి తగిలించే అతుకు పట్టీ
కిందటి శీతాకాలమే తీసేసిందట,
డాష్‌బోర్డు అరలో పడేసిందట.
పారెయ్యలేదు, మంచిదే అయింది, అని.

పొద్దున్న ఆరూ నలభైకి
పసుపు బస్సు మలుపు దగ్గర ఆగింది.
పిల్లలు ఎక్కారు. ఎర్ర లైటు ఆరింది.
బెల్టు పెట్టుకున్నప్పుడు వచ్చే ఆ చిన్న శబ్దం
రెండో అంతస్తు దాకా వినపడదు.