చీటీ మీద రాయాల్సింది

షెఫీల్డులో అక్టోబరు ఆదివారం.
రాత్రంతా ముసురు. తెల్లారి వాన వెలిసినా
ఎక్లెసాల్ అడవిలో చెట్లు ఇంకా కురుస్తూనే ఉన్నాయి.
ఎన్నడో కూలిన బీచ్ మాను ముందు
గోనెపట్టా పరుచుకుని మోకరిల్లింది వినిఫ్రెడ్,
దేవుడికి కాదు, దుంగకి.

"మీ భాషలో వీటినేమంటారు?"
పుట్టగొడుగులు, అన్నాను.
పుట్టంటే ఏమిటో చెప్పాల్సి వచ్చింది.
ఆమె చుట్టూ చూసింది. చెదల్లేవు, పుట్టల్లేవు.
నా మాట నిలబడే చోటు లేక
కాసేపు దుంగ మీదే కూర్చుంది.

యాష్ కొమ్మ మీద మాడిన బూరెల్లాంటివి,
వాటికి పేరు దొరికింది.
ఎల్డర్ కొమ్మకి మొలిచిన చెవులు,
పట్టుకుంటే నిజం చెవుల్లాగే మెత్తగా, చల్లగా,
వాటికీ దొరికింది.
ఈ తేనెరంగు గుంపుతోనే పేచీ.
టోపీ అంచున తడి చార,
కాడకి చిరిగిన ఉంగరం.
"దీనికో కవల ఉంది," అంది.
కూరకొకటి, కాటికొకటి.

తేడా అంతా ఉంగరం కిందట:
పొలుసులుంటే ఒకటి, నూగుంటే ఇంకొకటి.
సరిగ్గా అక్కడే నత్తలు కొరుక్కుతిన్నాయి.
పురుగు ముట్టింది మనమూ తినొచ్చనేది మా మేనత్త.
ఆ మాటే అన్నాను.
"నత్త కడుపు నత్తది," అంది వినిఫ్రెడ్
కత్తి తుడుచుకుంటూ.

వారమంతా ట్రాములో టికెట్లు చూసేవాణ్ణి,
ఒకటి పట్టుకొచ్చాను.
సగం తెలుపు, సగం నలుపు కాగితం మీద
టోపీ బోర్లించి
పైన గాజుగ్లాసు మూత పెట్టి పడుకున్నాను.

పొద్దున్నకి
సంతకం రానివాడి వేలిముద్ర పడి ఉంది.
తుప్పు రంగు, అన్నాను ఫోనులో.
"తుప్పా, దాల్చినచెక్కా?"
కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను.
లైటు వేసి చూశాను.
ఇన్నేళ్ళూ ఈ రెండు రంగుల్నీ
నేనెప్పుడూ విడిగా చూడలేదని తెలిసింది.

సాయంత్రం తనే వచ్చింది.
భూతద్దం కంటికి ఆనించి చాలాసేపు.
నలభై ఏళ్ళుగా అడవులు తిరిగిన మనిషి
చీటీ మీద తేదీ రాసింది, బీచ్ అని రాసింది,
దుంగ ఎంత మెత్తబడిందో రాసింది,
పేరు దగ్గర తెలియదు అని రాసింది.
పెన్సిల్‌తో ఎందుకన్నాను.
"వచ్చే ఏడు తెలిస్తే?"

ఆ గ్లాసు మూడుసార్లు తోమాను.
ఇంకా దాంతో మంచినీళ్ళు తాగలేదు.