ఒకటికి వంద

హాజరు పట్టీలో నా పేరు తన్నీరు మాలకొండమ్మ.
పిలిచినప్పుడల్లా ఎవరా అని వెనక్కి చూస్తాను.
ఆరేళ్లుగా సైట్లో నన్ను
"ఇదిగో, బొచ్చె!" అనే గదా కేకేసింది.

కందుకూరు, పామూరు రోడ్డు, సాయంత్రం ఐదున్నర క్లాసు.
నాలుగున్నర దాకా మీరావలి మేస్త్రి దగ్గర కూలి.
ఎంత తోమినా కనుబొమల్లో సిమెంటు దిగదు.
పక్క బల్ల కుర్రోడికి పద్దెనిమిది.
టీ-స్క్వేరు ఎట్టా ఆనించాలో వాడు నాకు చూపించాడు,
మూలమట్టం అంటే ఏందో నేను వాడికి చెప్పాను.

పెన్సిల్ని తాపీ పట్టినట్టు పట్టాను.
ముక్కు విరిగింది, మూడుసార్లు.
"అంత బరువెందుకమ్మా, కాయితం పారిపోదులే"
అంది నస్రీన్ మేడం.
బరువు లేని పని కూడా ఒకటుందని
ఈ చేతులకు నచ్చజెప్పడానికి పది రోజులు పట్టింది.

తర్వాత స్కేలు. ఒకటికి వంద.
నాలుగంతస్తులు నెత్తిన మోసిన మేడ
నా జానెడు చేతిలో సగానికొచ్చింది.
మెట్లయితే మరీ, దువ్వెన పళ్లు.

"మెట్టు ఎత్తు ఎంతుండాలి?"
పిల్లలు పుస్తకాలు తిరగేశారు.
నేను మోకాళ్లనడిగి చెప్పాను.
ఆరంగుళాలైతే మాట్లాడుకుంటా ఎక్కచ్చు మేడం,
ఏడున్నరైతే మాట ఆగిపోద్ది,
తొమ్మిదంగుళాలు పెట్టించిన ఇంటి పనిలో
మా చిన్నక్కకి కడుపు పోయింది.
మేడం బోర్డు మీద ఆరు అని రాసి
సుద్దముక్క తిప్పుతా చాలాసేపు అట్టాగే నిలబడింది.

మా ఊరిని ప్రకాశంలోంచి తీసి నెల్లూరులో పెట్టారు ఆ మధ్య.
ఒక్క ఇటుకా కదల్లేదు.
గీతకి ఇంత బలముంటదని అప్పుడు తట్టలా.

కాంక్రీటు దిమ్మ ఇరవై ఎనిమిది రోజులు
నీళ్లు తాగితే గాని మాట మీద నిలబడదంట.
మేస్త్రికి చెప్తే నవ్వాడు:
"ఏందమ్మే, ఇంజినీరువైతే నన్ను పనిలో పెట్టుకుంటావా?"
పెట్టుకుంటాలే, ఏడో రోజుకే నీళ్లాపకపోతే.

పరీక్షలో సైటు లేఅవుటు వెయ్యమన్నారు.
మన్నేటి ఇసక గుట్ట, లారీ తిరిగేంత దారి,
సిమెంటు కొట్టు, బస్తాలు చెక్కల మీద, గోడకి అడుగు ఎడంగా,
ఇనుము, మిక్సరు, నీళ్ల తొట్టి, ఆఫీసు గది.
అందరివీ అక్కడితో అయిపోయినయ్.
నాకింకా ఓ మూల ఖాళీ కనపడింది, కానుగ నీడ పక్కన.
నాలుగు గీతల గది గీశాను,
గొళ్లెం లోపలి వైపు.
ఆడవాళ్ల మరుగు అని రాశాను.
దాన్నానుకుని రేకుల పంచ, రెండు గుంజలు,
వాటి నడుమ కిందికి వేలాడే ఒక వంకర గీత.
కరెంటు తీగ కాదు. చీర ఉయ్యాల.
కొలత తప్పలేదు:
మావాడు అప్పట్లో రెండడుగులు,
ఒకటికి వంద లెక్కన ఆరు మిల్లీమీటర్లు.
వాణ్ణి నేను సెంట్రింగు కర్రలకి కట్టి
స్లాబు పైకి పోయేదాన్ని.
దిగొచ్చేదాకా ఊపిరి కిందే ఉండేది.

ఇరవైకి పదహారు వేశారు.
మురుగుకి వాలు చూపలేదని ఒకటి తీశారు,
ఉత్తరం గుర్తు పెట్టలేదని మూడు.
ఉయ్యాల దగ్గర ఎర్ర సిరా లేదు.
సన్నగా పెన్సిలుతో మాత్రం,
"ఇంకొకటి పడుతుందేమో చూడు."

మర్నాడు సైట్లో మేస్త్రినడిగాను, ఉత్తరం ఎటని.
"నేను నమాజుకి నిలబడేది పడమర.
దాన్నిబట్టి నువ్వే చూసుకో" అన్నాడు.
ఆయన నిలబడే చోట నిలబడి
కుడిచెయ్యి చాచాను.
బొచ్చె ఇంకా ఆ చేతిలోనే ఉంది.