సగం ఎద్దు

ఆదోని పత్తి యార్డు ఎదురుగా
ఇరవై రెండేండ్లుగా ఉగ్గాని కలుపుతాండా.
బొరుగులు ఎంతసేపు నానల్లో నా వేళ్లకు తెలుసు.
పేపరు ఎన్ని చింపులైతాదో గూడా తెలుసు:
పెద్ద పేజీకి ఎనిమిది.
ఒక్కో చింపులో నాలుగు బజ్జీలు,
బజ్జీల కింద ఎవరిదో ఒక సంగతి.

అప్పుడు హమాలీ సుంకన్న
బండ్లు రాకముందే బెంచీ ఎక్కి కూర్చొని
ఆ పొద్దు పేపరు గట్టిగా సదివేవాడు.
పత్తి ధర ఒకసారి,
నమ్మకం లేక ఇంగోసారి.
సచ్చిపోయినోళ్ల ఫోటోల కాడ గొంతు తగ్గించి,
సినిమా బొమ్మల కాడ రొవ్వంత సాగదీసి,
ఒత్తులన్నీ మింగేసి
లోకాన్నంతా మా సందు యాసలోకి దించేవాడు.
సదువు రానోళ్లు పదిమంది, వచ్చినోళ్లు ఇద్దరు.
నవ్వు మాత్రం ఒక్కసారే లేచేది,
కాగిన నూనెలో పిండి పడినట్టు.

తిన్నాక, చెయ్యి కడిగేముందు,
పొట్లం కాగితం సాపు చేసి సదివేది ఇంగో సదువు.
వార్త సగమే ఉంటాది కదా,
మిగిలింది యాడుందో అని
పక్కోని పొట్లం గుంజుకొని అంచులు కలిపేవాళ్లు.
పెద్దతుంబళం వీరేశు, ఇమాంసాబు
అట్ల కలిసినోళ్లే.
ఒక దొంగతనం కేసును చెరిసగం తిని,
మరుసటేడు ఇద్దరూ కలిసి ఆటో కొనిరి.

ఒక్క చింపుకు మాత్రం జత దొరకలే.
"ఎమ్మిగనూరు మండలంలో పాడుబావిలో పడిన ఎద్దును
కాపాడేందుకు గ్రామస్తులు తాళ్లతో"
అంతే. ఆడ నూనె మరక,
దాని కింద నా చింపు.
తాళ్లు నిలిచెనా, తెగెనా?
వారం దినాలు యార్డంతా అదే మాట.
"రొవ్వంత కిందికి చింపింటే
నీ సొమ్మేం పోతుండె ఉరుకుందక్కా?" అని
సుంకన్న నాతో రెండు పూటలు మాట్లాడలే.

ఇప్పుడు పేపరేసే పిల్లోడు
మా సందు మానేసి మూడేండ్లు.
పాత పేపర్ల రసూలు ఉత్త తక్కెడ తెచ్చి
"ఇండ్లల్లో కాగితం యాడుందక్కా, అన్నీ అట్టపెట్టెలే" అంటాడు.
అందుకని తెల్ల కాగితం కట్టలు కొంటాండా.
శుభ్రమే. బజ్జీకి సిరా అంటదు.

బెంచీ మీద పన్నెండు తలకాయలు వంగి ఉంటాయి.
ఒకడు నవ్వుతాడు, చానాసేపటికి ఇంగొకడు,
ఎవడు ఎందుకు నవ్వినాడో పక్కోనికి తెలీదు.
తప్పంటానా? అనను.
మొన్న ఫోన్లో నాలుగూర్ల పత్తి ధరలు చూపించి
వీరేశు తమ్ముడు దళారిని నిలబెట్టి అడిగినాడు.
సుంకన్న గొంతుకు ఆ బలం ఎన్నడూ లేదు.
నేను గూడా పొయ్యి ఆరినాక
చీరలు చూస్తా, వంటలు చూస్తా,
పన్నెండు దాటితే గానీ పండుకోను.

నా అంగట్లో గట్టిగా సదివేది ఇంగ ఒక్కటే,
గల్లా పక్కన ఆ దుడ్లు చెప్పే డబ్బా.
"నలభై రూపాయలు అందాయి."
దానికి యాస లేదు,
యాడా గొంతు తగ్గించే పని గూడా లేదు.
అప్పు పెట్టేవాడు వస్తే మాత్రం
పాపం, కిమ్మనదు.

నిన్న సుంకన్న మనవరాలి ఫోను తెచ్చినాడు.
కండ్లు మసక గదా, నోటి కాడ పెట్టుకొని
గుట్ట మీదోన్ని పిలిచినట్టు అరిచినాడు:
"ఎమ్మిగనూరు ఎద్దు! బావిలో పడిన్యాది! ఏమాయె?"

ఎద్దులు అమ్మబడును వచ్చె.
బోర్లు వేయబడును వచ్చె.
బండలాగే పోటీలు వచ్చె,
బావిలో దూకి ఈతకొట్టే పిల్లోళ్లు వచ్చిరి.
మా ఎద్దు రాలే.

"దీనికీ మనకు తెలిసినంతే తెలుసు" అని
సుంకన్న సంతోషంగా బజ్జీ కొరికినాడు.
బెంచీ మీద ఒక తలకాయ లేచె.
"ఏ ఎద్దు తాతా?"
ఇంగొకటి లేచె.

సుంకన్న చేతిలో తెల్ల పొట్లం
మోకాలి మీద పరిచినాడు, మడతలు సాపు చేసినాడు,
గొంతు సవరించుకొని
ఏమీ లేని ఆ కాగితం మీద వేలు పెట్టి సదివినాడు:
"ఎమ్మిగనూరు మండలంలో..."

నూనె మరక కాడికి వచ్చి ఆగినాడు.
నా దిక్కు చూసినాడు.