వలతాడు

తెల్లారగట్ల గుమ్మంలో ఎర్రోడు,
తోకాడిస్తూ. వాడి ముందు
నీటికుక్క పిల్ల, బొచ్చింకా తడిగానే.

మెచ్చుకోమని చూస్తాడు.
మా వలలు కొరికే జాతే అది, నిజమే.
పీడా పోయిందన్నాడు మా మరిది పోలయ్య.
ఆ రాత్రి పోటుకి
మడచెట్ల వేళ్ల సందుల్లో ఒకటే ఈల:
పిలిచి, ఆగి, విని,
మళ్లీ పిలిచి.

వాడి తప్పేముంది?
చేపపేగులు గట్టున పారబోసి
ఊరకుక్కల్ని మేపింది మేం.
చీకటిపడ్డాక వీణ్ణి వదిలేసింది నేను.

పాత వలతాడు పేనాను, మెడ ఒరుసుకోకుండా.
తాళ్లరేవు తీసుకెళ్లి సూది వేయించాను.
పేగులు గోతిలో పూడుస్తున్నాం,
నాలుగిళ్లవాళ్లమే, ఇంకా.

నిన్న పాటుకి కోరంగి కాలువ బురదలో
చిన్న అడుగులు.
ఎర్రోడు తాడు సాగినంత మేరా వెళ్లి
ముక్కు చాచాడు.
ముడి గట్టిదే.
అయినా ఇంకోసారి
లాగి చూశాను.